టర్కిష్‌లో ఆ ఒక్క 'న్'

టర్కిష్ విభక్తులు నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఒక్క 'న్' దగ్గర. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌దె అంటే ఇంట్లో. ఎవి అంటే అతని ఇల్లు. మరి అతని ఇంట్లో? ఎవిదె కాదు, ఎవిన్‌దె. ప్రథమ పురుష స్వామ్య ప్రత్యయం ('అతని' అని చెప్పేది, ఎవిలో చివరి 'ఇ') మీద విభక్తి చేరితే మధ్యలో 'న్' రావాల్సిందే: ఎవినె అంటే అతని ఇంటికి, ఎవిన్‌దెన్ అంటే అతని ఇంటి నుంచి.

అసలు చిక్కు ఇక్కడుంది. 'నీ ఇల్లు' ఎవిన్ కాబట్టి, 'నీ ఇంట్లో' కూడా ఎవిన్‌దె! సందర్భం చాలకపోతే ముందు సెనిన్ (నీ) అనో ఒనున్ (అతని) అనో చేర్చండి.

వరుస మాత్రం మారదు: మాట, బహువచనం, స్వామ్యం, విభక్తి. ఎవ్-లెర్-ఇమిజ్-దెన్, మా ఇళ్ళ నుంచి. మన 'మా' ముందొస్తుంది, వాళ్ళది మాట లోపలికి దూరుతుంది. ఎంత అందమైన అల్లిక!

'ఆలీ ఇల్లు' అనాలంటే రెండు మాటలకీ ప్రత్యయం కావాలి: ఆలీనిన్ ఎవి. తెలుగు అలవాటుతో రెండోది వదిలేసి ఆలీనిన్ ఎవ్ అంటే తప్పు.

అచ్చుతో ముగిసే మాటకి ఈ 'అతని' ప్రత్యయం ముందు 'స్' చేరుతుంది: అరబా (కారు), అరబాసి (అతని కారు). సు (నీళ్ళు) అనే మాటకి మాత్రం సుసు కాదు, సుయు.