వంటగట్టు సింకు మార్పు: కోత అయింది, ట్రాప్ బిగిసింది

గట్టు 20 మిల్లీమీటర్ల గ్రానైట్, వెడల్పు 24 అంగుళాలు. పాత సింకు 20×17, లోతు 7. ఇప్పుడు పెడుతున్నది 304 గ్రేడ్ స్టీలు, 24×18, లోతు 9, అంచు బండ మీద కూర్చునే రకం.

కొనేముందు అందరూ పొడవు, వెడల్పు కొలుస్తారు. లోతు సంగతి పట్టించుకోరు. గట్టు ఎత్తు నేల నుంచి 33 అంగుళాలు. అందులో సింకు లోతు 9 పోతే 24. సింకు అడుగు రంధ్రంలో బిగించే జాలీ గొట్టానికి (వేస్ట్ కప్లింగ్), దాని కింద కొంత నీరు నిలిపి డ్రెయిన్ వాసనను ఆపే గిన్నెకు (బాటిల్ ట్రాప్) కలిపి ఇంకో 6 పోతే ట్రాప్ మూతి 18 దగ్గర తేలుతుంది. ఇక్కడ గోడలో డ్రెయిన్ పైపు 16 అంగుళాల ఎత్తులో ఉంది కాబట్టి వాలు దొరికింది. అదే 19లో ఉంటే నీళ్లు ఎదురెక్కాలి. మడతల పైపు వేసి సర్దేస్తే ఆ మడతల్లో జిడ్డు పేరుకుని మూసుకుపోతుంది.

పాత సింకు చుట్టూ ఉన్న తెల్ల సిమెంటును సన్నటి బ్లేడుతో గీరి వదులు చేశాకే ఎత్తాలి. సుత్తి పెడితే ముందుపట్టీ, అంటే రంధ్రానికీ గట్టు ముందంచుకూ మధ్య సన్నటి రాయి, బీటేస్తుంది.

కోత: సింకును అట్ట మీద బోర్లించి గీత గీసి, దానికి అర అంగుళం లోపల రెండో గీత గీయాలి. కోసేది ఆ రెండో గీత మీద, అంటే 23×17. పాత రంధ్రం 19×16 కాబట్టి పొడవులో 4 అంగుళాలు ఎడమవైపు, వెడల్పులో 1 అంగుళం గోడవైపు పెంచాం. ముందువైపు ముట్టుకోలేదు. అక్కడున్న మూడున్నర అంగుళాల పట్టీయే గట్టంతటిలోకీ బలహీనమైన చోటు, పాత్రలు తోమేటప్పుడు మనిషి ఆనుకునేదీ దానిమీదే.

కొత్త మూలల్లో గీతకు లోపలివైపు ముందే 10 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. నిక్కచ్చిగా లంబకోణంలో కోసిన మూల నుంచే బీట మొదలవుతుంది. గ్రైండర్ బ్లేడు గుండ్రం కాబట్టి పైన గీత చివరికి చేరినా అడుగున ఇంకా రాయి మిగిలే ఉంటుంది. పైనుంచే లాగకుండా, ఆ ముక్కను కింది నుంచి కోయాలి. కోసే భాగం కింద చెక్క ఆసరా తప్పనిసరి. లేకపోతే చివరి అంగుళంలో ముక్క బరువుకు ఊడి, గట్టు అంచును పెచ్చుగా లాక్కుపోతుంది. బ్లేడు మీద నీళ్లు సన్నధారగా పడుతూ ఉండాలి, ప్లగ్గుకు 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) రక్షణ ఉండాలి, ముఖానికి ఎన్95 మాస్కు ఉండాలి. గ్రానైట్ ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు.

సింకును రంధ్రంలోకి దించకముందే, గట్టు మీద ఉండగానే కప్లింగ్ బిగిస్తే సుఖం. రబ్బరు వాషర్ ఉన్న చోట టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. అక్కడ నీటిని ఆపేది వాషర్ నొక్కుడే. ట్రాప్‌కు సాల్వెంట్ (పైపులు శాశ్వతంగా అతికించే జిగురు) పూయకూడదు, రేపు విప్పి కడగాలి కదా.

అంచు కింద వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్ ఒక వరుస వేశాం. కింది క్లిప్పులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒక్కటే గట్టిగా తిప్పితే అంచు అలలా లేచి అక్కడ నీరు చేరుతుంది.

సిలికాన్‌కు 24 గంటలు ఇచ్చాక అంచుదాకా నింపి అరగంట ఉంచాం. బరువు 40 కిలోలు దాటుతుంది. ఒక్కసారిగా వదిలి, ప్రతి జాయింటుకూ పొడి టిష్యూ చుట్టి చూస్తే కప్లింగ్ దగ్గర తడి తగల్లేదు. ట్రాప్ కింది గిన్నె దగ్గర చిన్న చెమ్మ కనిపించింది. వాషర్ పక్కకు జరిగింది, తీసి సరిగ్గా కూర్చోబెడితే ఆగింది.

మిగిలింది: గోడకూ బండకూ మధ్య సందులో ఎపాక్సీ గ్రౌట్, ముందుపట్టీ కింద ఇనుప ఎల్-యాంగిల్.