గంట కొట్టని కాలేజీ

కాలేజీలో పీరియడ్ అయిపోతే అటెండర్ గంట కొడతాడు. పిల్లలు లేస్తారు, లెక్చరర్ చేతికంటిన సుద్దపొడి దులుపుకుని స్టాఫ్ రూమ్ వైపు నడుస్తారు. ఆ నాలుగడుగుల నడకలో, అక్కడ తాగే అరకప్పు టీలో బుర్ర ఒక క్లాసులోంచి బయటపడుతుంది. ఇంటినుంచి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే యూనివర్సిటీ అధ్యాపకులు పోగొట్టుకున్నది సరిగ్గా ఇదే. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఒక్కసారిగా నెత్తిన పడ్డ ఈ పద్ధతి ఆన్‌లైన్ డిగ్రీ కోర్సుల్లో, గెస్ట్ క్లాసుల్లో అలాగే ఉండిపోయింది. అలసటకి క్లాసులు ఎక్కువవడమే కారణమంటారు గానీ, క్లాసు చుట్టూ పేరుకున్న పనే ఎక్కువ తినేస్తోంది. దానికి గంట కొట్టేవాళ్ళు లేరు.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్లకి 14 గంటలు. మొత్తం పని 40 గంటలకి తగ్గకూడదు. ఇప్పుడు 50 నిమిషాల ఆన్‌లైన్ క్లాసు ఒక్కటి తీసుకోండి. బోర్డు మీద రాసుకుంటూ చెప్పే పాఠాన్ని స్లైడ్లుగా మార్చాలంటే, కొత్త యూనిట్ అయితే గంటన్నరకి తక్కువ పట్టదు. కరెంటు పోయి బయటికెళ్ళినవాళ్ళని మళ్ళీ లోపలికి తీసుకోవడం, ‘మేడమ్, వాయిస్ కట్ అవుతోంది’ అంటే మళ్ళీ చెప్పడం సరే సరి. క్లాసయ్యాక రికార్డింగ్ అప్‌లోడ్ చెయ్యాలి, హాజరు వెయ్యాలి. లిస్టులో పేరుకి బదులు ఫోన్ మోడల్ కనిపిస్తుంటే ఆ ఫోన్ ఏ రోల్ నంబరుదో వెతకాలి. ఇవేవీ టైమ్‌టేబుల్‌లో ఉండవు. క్లాసు లెక్కన డబ్బులు తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీకైతే ఇదంతా ఉచిత సేవే. యూజీసీ 2019లో లెక్చర్‌కి 1500 రూపాయలు, నెలకి గరిష్ఠంగా 50,000 అని చెప్పింది. అందులో లెక్కకొచ్చేది లెక్చరే.

క్లాసులో అలసటకి కారణం వేరు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో కాల్స్ అలసటకి నాలుగు కారణాలు చెప్పారు: మరీ దగ్గరగా కనిపించే ముఖాలు, ఎదుటివాళ్ళ సైగలు అర్థం చేసుకోడానికి పడే అదనపు శ్రమ, అస్తమానం మన ముఖం మనకే కనపడటం, కదలకుండా కూర్చోవడం. మన దగ్గర పిల్లలు డేటా మిగుల్చుకోడానికి కెమెరాలు ఆపేస్తారు కాబట్టి మొదటిది లేదు, రెండోది రెట్టింపు. అరవై నల్లటి పెట్టెలకి పాఠం చెప్తుంటే అర్థమైందో లేదో తెలియక, చెప్పిందే మళ్ళీ గొంతు పెంచి చెప్తారు. జూమ్‌లో మీ వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘హైడ్ సెల్ఫ్ వ్యూ’ నొక్కండి. పిల్లలకి మీరు కనిపిస్తూనే ఉంటారు. ప్రతి 12-15 నిమిషాలకి ఒక ప్రశ్న వేసి, జవాబు చాట్‌లో ఒక్క ముక్కలో రాయమనండి. ఆ తర్వాత కనీసం అర నిమిషం ఆగాలి, ఫోన్లో టైప్ చెయ్యడానికి అంత పడుతుంది. చాలామంది ఐదు సెకన్లకే ‘ఎవరూ చెప్పట్లేదు’ అనుకుని ముందుకెళ్ళిపోతారు.

గొంతు సంగతి. రెండు చెవులూ మూసే హెడ్‌సెట్ పెడితే మన గొంతు మనకి సరిగా వినపడదు, తెలియకుండానే అరుస్తాం. ఒక చెవి వదిలేయండి. మైకు నోటి ఎదురుగా కాకుండా పెదవి మూలకి రెండు వేళ్ళ దూరంలో ఉంచండి. క్లాసుకీ క్లాసుకీ మధ్య 15 నిమిషాలు ఉండి తీరాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాల్సిందే. కుర్చీ, కళ్ళ విషయం అందరూ చెప్పేదే: లాప్‌టాప్‌ని పుస్తకాల మీద ఎత్తి స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి తేవాలి, విడి కీబోర్డు వాడాలి, 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలి.

అన్నిటికన్నా పెద్దది వాట్సాప్. సెక్షన్‌కో గ్రూపు, డిపార్ట్‌మెంట్ గ్రూపు, పరీక్షల గ్రూపు. రాత్రి పదకొండుకి ఒక పిల్లాడు డౌట్ అడుగుతాడు, పాపం అనిపించి జవాబిస్తారు. మర్నాటినుంచి అరవై మందికీ పదకొండు దాకా మీరు దొరుకుతారని తెలిసిపోతుంది. తప్పు పిల్లలది కాదు. రోజూ సాయంత్రం ఆరుకి గ్రూప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చండి, పొద్దున మళ్ళీ తెరవండి. రెండో సిమ్‌తో వాట్సాప్ బిజినెస్ వేసుకుంటే అందులో ‘అవే మెసేజ్’కి వేళలు పెట్టుకోవచ్చు: ‘మీ ప్రశ్న చేరింది, రేపు 4 నుంచి 5 మధ్య జవాబిస్తాను’ అని, గ్రూపులో కాకుండా మీకు విడిగా మెసేజ్ పెట్టినవాళ్ళకి దానంతటదే వెళ్తుంది. పరీక్ష ముందురోజు మాత్రం రాత్రి ఒక గంట కేటాయించి, ఆ టైము ముందే చెప్పండి. ఎప్పుడు దొరుకుతారో తెలిస్తే పిల్లలు ఆగుతారు.

జవాబు పత్రాలు ఇంకో నరకం. అడ్డంగా తిరిగిన ఫోటోలు, నీడ పడిన అక్షరాలు, తొమ్మిది పేజీలు తొమ్మిది విడి ఫైళ్ళుగా. పరీక్షకి వారం ముందు ఒక డమ్మీ సబ్మిషన్ పెట్టి, స్కానర్ యాప్‌లో ఒకే పీడీఎఫ్‌గా చేసి, ఫైల్ పేరు రోల్ నంబరే పెట్టేలా అలవాటు చెయ్యండి. దిద్దేటప్పుడు ఒక్కో పేపరూ పూర్తిగా దిద్దొద్దు. మొదటి ప్రశ్న 15 పేపర్లలో దిద్ది లేవండి. మార్కుల్లో సమానత్వం ఉంటుంది, కళ్ళూ నిలుస్తాయి.

ఆడవాళ్ళకి ఇంకో బరువు, ‘ఇంట్లోనే ఉన్నావుగా!’ అనే మాట. గ్యాస్ బండ వచ్చినా, కుక్కర్ కూత పెట్టినా పిలుపు వాళ్ళకే. తలుపు మూసుకుంటే చాలదు. కాలేజీ టైమ్‌టేబుల్ పీరియడ్లతో సహా ఫ్రిజ్ మీద అంటించి, ఆ వేళల్లో తలుపు తీసే బాధ్యత ఎవరిదో పేరు రాసి పెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా నిర్వచించింది. లక్షణాలు మూడు: ఒంట్లో శక్తి లేకపోవడం, పనిమీద విరక్తి, ఏం చేసినా ఫలితం లేదనే భావన. పనివల్ల వచ్చింది పని మారితేనే పోతుంది. శనివారం మధ్యాహ్నం యోగా వెబినార్ పెట్టడం, హాజరు తప్పనిసరి చెయ్యడం ఇంకో పని పెట్టడమే. నిద్ర, ఆకలి రెండు వారాలుగా దెబ్బతింటే మాత్రం ఆగకుండా 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి ‘చాలా ఒత్తిడిగా ఉంది సార్’ అని వెళ్తే సానుభూతి దొరుకుతుంది, పని తగ్గదు. రెండు వారాలు ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీసి రాయండి: బోధన, తయారీ, దిద్దడం, డేటా పంపడం. ఆరు దాటాక చేసిన ప్రతి పనికీ పక్కన టిక్కు పెట్టండి. నాలుగో గడిలో ఒకే వివరాన్ని మూడు ఫార్మాట్లలో ముగ్గురికి పంపినట్టు తేలుతుంది చూడండి. అడగాల్సింది అక్కడే: అందరూ చూసే ఒకే షీటు, అప్‌డేట్‌కి వారంలో ఒకే రోజు.