అలిపిరి నుంచి చిత్తూరుకి: ఓ ముందస్తు ఎన్నిక దారి

తిరుపతి బస్టాండు నుంచి ఆటోలో అలిపిరి చేరాను. మెట్ల మొదట్లో కర్పూరం వాసన. ఘాట్ రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి కొండ బస్సులు. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద క్లేమోర్ మైన్లు (మందుపాతరలు) పేలింది ఈ దారిలోనే. నవంబరులో అసెంబ్లీ రద్దయింది. సానుభూతి వేడి మీద ఉండగానే ఓటు పడాలన్నది లెక్క.

అయితే రద్దు చేయడం వరకే మంత్రివర్గం చేతిలో ఉంటుంది. తేదీ పెట్టేది ఎన్నికల సంఘం. పోలింగు 2004 ఏప్రిల్ 20, 26 తేదీల్లో జరిగింది, అంటే పేలుడు జరిగిన ఆరు నెలలు దాటాక. ఈలోపు మూడు రాష్ట్రాల గెలుపు ఊపులో వాజపేయి ప్రభుత్వం ఫిబ్రవరిలో లోక్‌సభనూ రద్దు చేయించింది. అలా రెండు ముందస్తులు ఒకే పోలింగు బూత్‌కు వచ్చాయి.

అక్కణ్ణించి చంద్రగిరి మీదుగా చిత్తూరు బస్సు. దారిలో చెనక్కాయ చేలు, మామిడి తోపులు. అప్పటికి వరస కరువులు, ఎండిన బోర్లు. బోరున్న రైతుకి కాంగ్రెస్ ఉచిత కరెంటు హామీ సూటిగా తగిలింది. 294 స్థానాల్లో తెలుగుదేశానికి 47 దక్కాయి, కాంగ్రెస్‌కు 185. సానుభూతి ఓటు లేకపోలేదు గానీ అంతకాలం నిలవలేదనే నా అంచనా.

తిరుపతి లోక్‌సభ సీటు ఇంకో పాఠం. 1998లో కాంగ్రెస్ అభ్యర్థి చింతా మోహన్ గెలిచారు. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో, 269కి 270, వాజపేయి ప్రభుత్వం పడింది. ఆ మధ్యంతరంలో ఇక్కడ బీజేపీ గెలిచింది. ఏడాదిలో జనం మారిపోయారా? అంత కాదు. 1998లో తెలుగుదేశం, బీజేపీ విడివిడిగా నిలిచాయి, 1999లో పొత్తు పెట్టుకున్నాయి. 2004లో మళ్ళీ చింతా మోహనే. అదే ఏడాది రాష్ట్రంలో తెలుగుదేశానికి దక్కిన ఐదు లోక్‌సభ సీట్లలో చిత్తూరు ఒకటి! డెబ్బై కిలోమీటర్ల తేడాలో గాలి మారింది.

ఈ దారిలో ఓటరు మనసు తెలుసుకోవాలంటే ‘ఎవరికేస్తావన్నా?’ అని అడక్కండి. ‘చూద్దాంలే సామీ’ అంటారు. దాన్ని ఊగిసలాట అనుకునేరు, అది మర్యాదగా చెప్పే ‘నీకెందుకు’. పోయినసారి ఎందుకు వేశారో అడిగితే నోరు విప్పుతారు.

ముందస్తులో ఎక్కువ నష్టపోయేది బెంగళూరు, చెన్నైలకు పనికెళ్ళినవాళ్ళు, ఊళ్ళోనే అద్దిల్లు మారినవాళ్ళు. గుర్తింపు కార్డు జేబులో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. కొత్త పేరుకి ఫారం 6, చిరునామా మార్పుకి ఫారం 8. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే జాబితాలో చేర్పులు ఆగిపోతాయి. అందుకే రద్దు వార్త వినగానే ముందు జాబితాలో పేరు చూసుకోవాలి, బస్సు టికెట్టు సంగతి తరవాత.