రోడ్లు వేసే నాకు గుర్రాల ఇసుక ట్రాక్ అప్పగిస్తే

నిన్న పొద్దున ట్రైనర్ గారు రిజిస్టర్‌లో సంతకం పెట్టారు. ఐదు నెలలుగా నాకు నిద్ర లేకుండా చేసిన పని అది. కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు. తగ్గాక రాస్తే అందరినీ క్షమించేస్తానేమో, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నాది రోడ్ల పని. పదిహేడేళ్లలో నేను వేసిన ఏ రోడ్డూ మొదటి వానకు కొట్టుకుపోలేదు. ఎవరినైనా అడగండి. ఆ పేరు విని, హైదరాబాద్ శివార్లలో గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఒక ప్రైవేటు ఫారం మేనేజర్ ఫోన్ చేశాడు. కసరత్తు ట్రాక్ వేయాలట: 800 మీటర్ల చుట్టు, 6 మీటర్ల వెడల్పు, పైన 4 అంగుళాల ఇసుక. మన దగ్గర పందేలు పచ్చిక మీదే జరిగినా, గుర్రాల పొద్దుటి కసరత్తు ఎక్కువగా ఇసుక మీదే. మలక్‌పేట రేస్ కోర్సులో ఏ గుర్రం ఇసుక ట్రాక్ మీద ఎన్ని సెకన్లలో పరిగెత్తిందో పేపర్లలో కూడా వేస్తారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం 'ఇసుక పరవడమే కదా' అనుకుని రేటు చెప్పేశాను.

సర్వే, లెవెల్స్, చుట్టూ కాలువ, మొరం పరిచి రోలింగ్, అన్నీ ఇరవై రోజుల్లో అయిపోయాయి. లోపలి రెయిల్ (ట్రాక్ అంచు కంచె) వైపు వాలు కూడా సరిగ్గా పెట్టాను. అక్కడిదాకా ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు.

ఇక ఇసుక. లెక్క వేస్తే 480 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 770 టన్నులు. నది ఇసుకకు బుకింగ్, రవాణా, ఎదురుచూపులు ఎందుకని రోబో శాండ్, అంటే క్రషర్‌లో రాయి పిండి చేసిన ఇసుక, తెప్పించాను. ల్యాబ్‌లో టెస్టు చేయించాను, 'జోన్ 2, బాగుంది' అని, అంటే రేణువుల సైజు కాంక్రీట్‌కు సరిపోతుందని, రిపోర్ట్ వచ్చింది. ఆ ల్యాబ్ అబ్బాయి ఫీజు తీసుకున్నాడు గానీ 'దేనికి సార్ ఈ ఇసుక?' అని ఒక్క మాట అడగలేదు. కాంక్రీట్‌కు వాడే రోబో శాండ్‌లో 75 మైక్రాన్ల కంటే సన్నని పొడి 15 శాతం దాకా ఉండొచ్చని ఐఎస్ 383 అనే భారత ప్రమాణం చెబుతుంది. కాంక్రీట్‌కు దానితో ఇబ్బంది లేదు. దాని మీద నేనేం చేశానంటే, నీళ్లు కొట్టి, వైబ్రేటర్ రోలర్‌తో ఆరుసార్లు తొక్కించాను. అద్దంలా వచ్చింది. ఫొటోలు తీసి మా బావమరిదికి కూడా పంపించాను.

ప్రారంభం రోజు యజమాని, ఆయన స్నేహితులు, ట్రైనర్, మేనేజర్ అందరూ వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని రెయిల్ పక్కన నిలబడ్డాను. రైడింగ్ బాయ్ ఒక చిన్న వయసు ఆడగుర్రాన్ని ట్రాక్ మీదికి తెచ్చి మెల్లగా నడిపించి, కొంచెం వేగం పెంచాడు. టక్, టక్, టక్.

మా వెనక ఇంకో గుర్రాన్ని పట్టుకుని ఒక ముసలాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లు మలక్‌పేటలో సైస్‌గా, అంటే గుర్రాల్ని చూసుకునే మనిషిగా, చేసి ఇక్కడికొచ్చాడు. అందరూ చాచా అంటారు. ఆయన ట్రాక్ వైపు చూడను కూడా లేదు. చప్పుడు వినగానే 'ఆపు, ఆపు' అని అరిచాడు. తర్వాత నా దగ్గరికొచ్చి అడిగాడు:

'సాబ్, ఇసుకల చప్పుడెందుకొస్తది?'

నేను కంపాక్షన్ గురించి, డెన్సిటీ గురించి చెప్పబోయాను. ఆయన వినలేదు. 'బూట్లు ఇప్పుండ్రి. ఆ గట్టెక్కి ట్రాక్ మీదికి దుంకుండ్రి' అన్నాడు. తమాషాకి అంటున్నాడేమోనని ట్రైనర్ వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. యాభై ఏళ్లకు దగ్గర పడుతున్నవాణ్ని, ఇస్త్రీ చొక్కాలో, నా కూలీల ముందు, నా మేస్త్రి ముందు, వట్టి కాళ్లతో రెండడుగుల గట్టు మీద నుంచి దూకాను. మడమలోంచి నడుము దాకా జివ్వుమంది. నిలదొక్కుకోలేక చేతులు ఆనించాను. ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు, పేరు రాయను.

'మీ బరువెంత సాబ్?' అన్నాడు చాచా. డెబ్బై ఎనిమిది అన్నాను. అప్పుడు ట్రైనర్ మెల్లగా చెప్పారు. గుర్రం 450 కిలోలకు పైనే ఉంటుంది, దౌడులో ఒక్కో ముంగాలి మీద దాని బరువుకు రెండున్నర రెట్ల దాకా భారం పడుతుంది. అంటే టన్నుకు పైగా, అరచేతికన్నా కాస్త పెద్ద గిట్ట మీద! ఇలాంటి నేల మీద రెండేళ్ల గుర్రాలకు ముంగాళ్ల ఎముక ముందువైపు వాచి నొప్పి పెడుతుంది, షిన్ సోర్ అంటారు. వారం రోజుల్లో సగం గుర్రాలు షెడ్డులోనే ఉంటాయి అన్నారు. ఆయన మర్యాదగా చెప్పారు కాబట్టి ఇంకా ఎక్కువ సిగ్గేసింది. మేనేజర్‌కు ఆ మర్యాద లేదు. 'టోల్ గేటు కూడా పెట్టిద్దామా?' అని అందరికీ వినపడేలా అన్నాడు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పుడు కూర్చుని చదివాను. ఈ పని నేర్చుకోవాల్సిన విద్య అని అప్పుడు అర్థమైంది. అమెరికాలో మిక్ పీటర్సన్ అనే ఇంజినీరు గుర్రపు గిట్ట నేలను తాకే దెబ్బను అనుకరించే యంత్రంతో ట్రాక్‌లను కొలుస్తాడు. నా దగ్గర యంత్రం లేదు, చాచా ఉన్నాడు. మర్నాడు పొద్దున నాలుగున్నరకి రెండు టీలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. నేను ఎవరి దగ్గరికీ అలా వెళ్లేవాణ్ని కాదు.

రోబో శాండ్ అంతా గీకించాను. క్రషర్ యజమాని వెనక్కి తీసుకోనన్నాడు. ముందే 'తేడా వస్తే చూసుకుందాం అన్నా' అని చెప్పిన మనిషే. క్రషర్ వాళ్ల నోటిమాట నమ్మకండి, కాగితం మీద రాయించుకోండి. ఆ ఇసుకను ఫారం లోపలి దారులకు వాడి సగం నష్టం రాబట్టాను. అంతమాత్రం తెలివి నాకుంది.

తర్వాత నది ఇసుక. జల్లెడ పట్టించాం, ఒక్క గులకరాయి గిట్ట కింద గుచ్చుకున్నా గుర్రం కుంటుతుంది. ఈసారి పరిచింది మరీ మెత్తన. గుండ్రటి రేణువులు, కడిగినట్టున్న ఇసుక, కాలు పెడితే మడమ దాకా దిగబడింది. చాచా ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపాడు. ఇలాంటి దాంట్లో పరిగెత్తితే గుర్రాల కాళ్ల నరాలు లాగేస్తాయట. చివరికి ఇరవై మీటర్ల చొప్పున మూడు ముక్కలు వేశాం, ఒక్కోదాంట్లో ఎర్రమట్టి ఒక్కో మోతాదు. మూడింటి మీదా గుర్రాన్ని నడిపించి రెండోది ఎంచుకున్నాం. పరీక్ష ఇంత తేలికైంది: పిడికెడు తీసి నొక్కితే ఉండ కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. గిట్ట ముద్ర అంచు నిలబడాలి, కాసేపటికి మెల్లగా రాలాలి. ఈ ఒక్క పరీక్ష ముందే తెలిసుంటే నాకు రెండు నెలలు మిగిలేవి.

మధ్యలో మేనేజర్ దుబాయ్ వీడియో ఒకటి చూపించి, అలా మైనం పూసిన ఇసుక ఎందుకు వేయకూడదు అన్నాడు. నేనూ చదివే ఉన్నాను కదా. ఇంగ్లండ్‌లోని లింగ్‌ఫీల్డ్‌లో 1989లోనే పచ్చిక కాని ట్రాక్ మీద పందేలు మొదలయ్యాయి. 2010లో దుబాయ్ మెయ్‌దాన్‌లో ఇసుక, పీచు, రబ్బరు, మైనం కలిపిన టపేటా అనే ట్రాక్ వేశారు. కొన్నేళ్లకే తీసేసి మట్టి ట్రాక్ వేశారు. 2015 దుబాయ్ వరల్డ్ కప్ పందెం మట్టి మీదే జరిగింది. ఎండలో మైనం మెత్తబడుతుంది, మళ్లీ మళ్లీ కలపాలి, ఆ ఖర్చు మీరు పెట్టుకుంటారా అని అడిగాను. ఆ రోజు నుంచి నన్ను 'సార్' అంటున్నాడు.

ట్రాక్ వేశాక పని అయిపోతుందనుకున్నాను. మొదలైందే అప్పుడు. రోడ్డు వేసి వదిలేస్తే పదేళ్లు అలాగే ఉంటుంది. ట్రాక్ గంటకోసారి మారిపోతుంది. రాత్రి ఒక ట్యాంకర్, తెల్లవారకముందే ఇంకోటి నీళ్లు కొట్టాలి. గుర్రాల ఒక బ్యాచ్ వెళ్లగానే హారో (ట్రాక్టర్ వెనక కట్టి ఇసుకను గుల్ల చేసే పళ్ల చట్రం) తిప్పాలి, లద్దె ఏరాలి. నీళ్లు తక్కువైతే దుమ్ము లేచి గుర్రాలు దగ్గుతాయి, ఎక్కువైతే అడుగున గట్టిపడుతుంది. గుర్రాలన్నీ రెయిల్ పక్కనే పరిగెత్తి ఇసుకను బయటికి చిమ్ముతాయి. వాననీళ్లేమో సన్నపొడిని వాలు వెంట లోపలికి లాక్కొస్తాయి. అందుకే ప్రతి 50 మీటర్లకూ లోపల, మధ్యలో, బయట ఇనుప ఊచ గుచ్చి లోతు చూస్తాం, మొత్తం 48 చోట్ల. గీత పెట్టిన ఊచ ఒకటి చాలు, పెద్ద పరికరాలు కొనకండి.

హారో పళ్ల విషయం మాత్రం మీరే దగ్గరుండి చూసుకోండి. మూడు అంగుళాలకు మించి దింపొద్దని నేను డ్రైవర్‌కు మూడుసార్లు చెప్పాను. ఫోన్‌లో మాట్లాడుతూ దింపేశాడు. కింది మొరం లేచి రాళ్లు ఇసుకలో కలిశాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు రెండు రోజులు వంగి ఏరారు. కూలి నేనే ఇచ్చాను. డ్రైవర్ ఇప్పటికీ 'రాళ్లు ముందునుంచే ఉన్నయి సార్' అంటాడు.

వానలు మొదలయ్యాక ఒక విషయానికి నవ్వొచ్చింది. గట్టి వాన వచ్చేలా ఉంటే, వచ్చే ముందే రోలర్‌తో పైపైన నొక్కి ట్రాక్‌ను మూసేయాలి. నీళ్లు ఇంకకుండా వాలు మీద జారి కాలువలోకి పోతాయి. ఆగాక హారోతో మళ్లీ తెరవాలి. అంటే నా రోలర్ పూర్తిగా దండగ కాలేదు! ఈ మాట చాచాతో అంటే 'ఎప్పుడు తొక్కాల్నో తెల్వాలె సాబ్' అన్నాడు.

సంతకమైతే పడింది. బిల్లులో ఆపి ఉంచిన ఐదు శాతం రిటెన్షన్ మాత్రం వానాకాలం దాటాకే ఇస్తారట. రేపు సాయంత్రం వాన అంటున్నారు, రోలర్‌కు డీజిల్ పోయించాలి.