రెండు డెసిబెల్స్ తేడా

ఆదివారం, వెస్ట్ మాంబలం, చెన్నై.

ఈ రోజు టిఫిన్లు అయిన వెంటనే హాల్లో ఫ్యాను ఆపించి, కిటికీలు మూయించి, ఇంట్లోవాళ్ళ విసుగును లెక్కచేయకుండా, చాలాకాలంగా వాయిదా వేస్తున్న పనికి పూనుకున్నాను. ట్రాన్సిస్టర్లకు బదులు పాతకాలపు గాజు వాల్వులతో పాట వినిపించే నా వాల్వు ఆంప్లిఫయర్ వెనక చిన్న స్విచ్చి ఒకటి ఉంది. అటు వేస్తే ట్రయోడ్, ఇటు వేస్తే అల్ట్రాలీనియర్; ఆ వాల్వులను నడిపే రెండు పద్ధతులివి. ట్రయోడ్‌లో గొంతు మెత్తగా, అల్ట్రాలీనియర్‌లో మృదంగం నిండుగా పలుకుతాయని మూడేళ్ళుగా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. ఆ మాటలో ఎంత నిజముందో కొలిచి చూడాలన్న బుద్ధి ఇన్నాళ్ళకు పుట్టింది.

ఇది ముల్లార్డ్ 5-20 నమూనాను అనుసరించి చేయించుకున్న యంత్రం. ఒక్కొక్క చానెల్‌లో రెండేసి ఈఎల్34 వాల్వులు పుష్-పుల్ పద్ధతిలో, అంటే ఒకటి నెడితే ఒకటి లాగుతున్నట్టు జంటగా, పనిచేస్తాయి. ఈఎల్34 పుట్టుకతో పెంటోడ్ (అయిదు ఎలక్ట్రోడ్ల వాల్వు) అయినా, దానిలోని స్క్రీన్ గ్రిడ్ అనే తీగ జాలిని చిన్న రెసిస్టరు ద్వారా ఆనోడ్ పలకకు కలిపితే ట్రయోడ్‌లా (మూడు ఎలక్ట్రోడ్లదానిలా) నడుస్తుంది. అలా కాక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్లలో నడుమ ఒకచోట, నా దానిలో 43 శాతం దగ్గర, బయటికి తీసిన తీగకు కలిపితే అల్ట్రాలీనియర్ అవుతుంది. ఇంగ్లండులో బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరు 1937లోనే ఈ ఉపాయానికి పేటెంటు కోరినా, దానికి ప్రచారం తెచ్చింది మాత్రం 1951లో అమెరికాలో హాఫ్లర్, కెరోస్ అనే ఇద్దరు. అల్ట్రాలీనియర్‌లో పెంటోడ్ శక్తిలో చాలాభాగం దక్కుతుంది, వక్రీకరణ (డిస్టార్షన్) ట్రయోడ్ స్థాయికి దగ్గరగా దిగుతుంది. ట్రయోడ్‌గా నడిపితే శక్తి దాదాపు సగమైపోతుంది.

ముందుగా 200 హెర్ట్జ్ స్వరం ఒకటి వేసి, స్పీకరు తీగల మీద మల్టీమీటరు పెట్టాను. చవక మీటర్లు ఎక్కువ హెర్ట్జ్‌ల దగ్గర తప్పు చూపుతాయి కనుక అంతకంటె ఎత్తుకు వెళ్ళలేదు. అల్ట్రాలీనియర్‌లో 2.83 వోల్టులు, అంటే 8 ఓమ్‌ల లెక్కన ఒక వాటు, వచ్చేటట్టు వాల్యూమ్ నాబ్ తిప్పి, దాన్ని కదపకుండా ట్రయోడ్‌కు మార్చేసరికి మీటరు 2.3 దగ్గర ఆగింది. ధ్వని హెచ్చుతగ్గులను కొలిచే డెసిబెల్స్‌లో చెబితే ఇంచుమించు 2 తక్కువ. ఇంతకాలం నేను విన్న ‘మెత్తదనం’లో సింహభాగం ఇదేనని అప్పుడే అనుమానం వచ్చింది. ధ్వని తగ్గేకొద్దీ చెవి మంద్రాన్ని ఇంకా తక్కువగా పట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే చూపించారు. మృదంగం నిండుదనం పోయిందని నేను వాపోయింది స్విచ్చి వల్ల కాదు, నాబ్ సరిచేసుకోకపోవడం వల్ల.

రెండు స్థానాలకూ నాబ్ పక్కన పెన్సిలు గీతలు పెట్టి, స్విచ్చిని మా ఆవిడ చేతికి అప్పగించి, ఊరినుంచి వచ్చిన అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని, కచేరీ ఒకటి వేసి, స్విచ్చి ఎటు ఉందో వినికిడితోనే చెప్పాలని వెనక్కి తిరిగి కూర్చున్నాను. అత్తయ్యగారు ఇరవయ్యేళ్ళు వీణ వాయించిన మనిషి. కరెంటు ఉండగా స్విచ్చి మార్చకూడదు కనుక ప్రతిసారీ ఆపి, మార్చి, వాల్వులు వేడెక్కేదాకా రెండు మూడు నిమిషాలు ఆగవలసి వచ్చేది. ఆ వ్యవధిలో ఇందాక విన్నది చెవిలోంచి జారిపోయి, దాని గురించి మనం అనుకున్నది మాత్రమే మిగులుతుంది. ఎనిమిది విడతల్లో నేను సరిగ్గా చెప్పినవి నాలుగు. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వచ్చేవి. అత్తయ్యగారు ఆరు చెప్పారు.

“ఎలా పట్టుకున్నారండీ?” అని అడిగాను.

“గొంతు వైపు పోకండి, అల్లుడుగారూ. మృదంగం ఎడమ చేతి గుంకి ఎక్కడ ఆగుతోందో వినండి. ఒకదానిలో ఠక్కున ఆగుతోంది, రెండోదానిలో ఒక్క వెంట్రుకవాసి సాగుతోంది,” అన్నారు.

ఆగుతున్నది ట్రయోడ్‌లో. నేను ఊరంతా చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. కారణం మాత్రం కొత్తది కాదు: ట్రయోడ్‌కు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (స్పీకరుకిచ్చే చోట యంత్రం చూపే విద్యున్నిరోధం) తక్కువ కాబట్టి స్పీకరు కోను మీద పట్టు ఎక్కువ. నా దానిలో ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సంకేతంలో కొంత వెనక్కి తిప్పి తప్పులు దిద్దే ఏర్పాటు) కూడా ఉండడంతో ఆ తేడా వెంట్రుకవాసికి కుదించుకుపోయింది.

ట్రయోడ్ తియ్యదనానికి పుస్తకాల్లో కనిపించే వివరణను ఆవిడకు స్వరాల్లో చెప్పబోయాను. మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా వెంట పలికే స్వరాలే హార్మోనిక్‌లు. రెండో హార్మోనిక్ అంటే తారషడ్జం, మూడోది ఆ పైని పంచమం, అయిదోది తంబురాలో తనంతట తానే పలికే అంతరగాంధారం. ఏడోది మన ఏ స్వరస్థానంలోనూ సరిగ్గా కూర్చోదు. ట్రయోడ్ కలిపేది ఎక్కువగా షడ్జాన్నే కనుక శ్రుతి చెడదని ముగించబోతూ నాలుక కరుచుకున్నాను. ఆ మాట ఒంటి వాల్వు యంత్రాలకు చెల్లుతుంది. పుష్-పుల్‌లో రెండో హార్మోనిక్ లాంటి సరి సంఖ్యవన్నీ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. నా యంత్రంలో లేని తియ్యదనానికి నేను మూడేళ్ళు వివరణ ఇచ్చానన్నమాట.

భోజనాలయ్యాక, పొద్దున సగంలో ఆపిన కచేరీ మిగతా భాగం వినాలని అత్తయ్యగారు అడిగారు. శక్తి సగమే అయినా మా చిన్న హాలుకు ఒక వాటు మించి పట్టదు కనుక, స్విచ్చిని ట్రయోడ్ వైపు ఉంచి, నాబ్‌ను పెన్సిలు గీత దాకా తిప్పి, ఫ్యాను మళ్ళీ వేశాను.