నా అనుభవం: ‘బెల్’ అన్న మాట దగ్గర ఆగిన నా పీహెచ్‌డీ

మొన్న సోమవారం నా వైవా, అంటే పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష, ముగిసింది. ఆంగ్ల సాహిత్యంలో సిద్ధాంత గ్రంథం సమర్పించబోయేవారికి పనికొస్తుందని, మనసులోని మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను. సినాప్సిస్ (పరిశోధన సారాంశం) ఇవ్వడం, గ్రంథచౌర్యం తనిఖీ, గ్రంథాలయం నుంచి నో డ్యూస్ (బాకీ లేదన్న పత్రం) తెచ్చుకోవడం, ఫీజు కట్టడం వంటివన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. నన్ను ఆరు నెలలు ఆపినది సమర్పణకు ముందు జరిగే సెమినారు, అందులోనూ ఒకే ఒక్క ఫ్రెంచి మాట.

నా పరిశోధన ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ కవిత్వం మీద. ఆయన 1819లో రాసిన ‘లా బెల్ డామ్ సాన్ మెర్సీ’ (దయలేని అందగత్తె) అనే గేయం పేరును నేను ఆ రోజు ‘బెల్లే డేమ్’ అని చదివాను. జిల్లా పరిషత్ బడిలో తెలుగు మాధ్యమంలో చదువుకున్న నేను ఆ మాటను పుస్తకంలో చూడటమే తప్ప ఎవరి నోటా వినలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక ఆచార్యులు ‘ఏమ్మా, బెల్లమా?’ అన్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే, ‘బ్యూటిఫుల్ అన్న మాట ఉండగా ఇంగ్లీషు కవికి ఫ్రెంచి ఎందుకు కావలసి వచ్చింది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ సెమినారు ఇవ్వాలని రాసి పంపించారు. ఉచ్చారణ దిద్దడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణాన్ని విద్యార్థిని పదిమందిలో చిన్నబుచ్చడానికి వాడుకోవడం ఉపాధ్యాయ ధర్మం కాదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

అయినా ఆ ప్రశ్న మంచిదే కాబట్టి దాన్ని వదల్లేదు. లాటిన్‌లోని ‘బెల్లుస్’ ఫ్రెంచిలో పుంలింగానికి ‘బో’గా, స్త్రీలింగానికి ‘బెల్’గా మారింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక వచ్చిన ఫ్రెంచి మాటల వరవడిలో అదే కుదురుకు చెందిన ‘బ్యూటీ’ కూడా చేరి, పరాయిదన్న గుర్తే లేకుండా కలిసిపోయింది. పదిహేడో శతాబ్దంలో ‘బెల్’ ఫ్రెంచి వేషంలోనే మళ్లీ వచ్చింది. ఫ్రెంచిలో ప్రధానంగా విశేషణమైన ఆ మాట ఇంగ్లీషులో నామవాచకమై, సభలో అందరి చూపూ తన మీదే నిలిచే అందగత్తెకు పేరయింది. సంస్కృతంలో విశేషణమైన ‘సుందరి’ మనకు నామవాచకం కాలేదా? అలాగే ‘బో’ సొగసుకాడికీ, ప్రియుడికీ చెల్లింది. 1778–1840 మధ్య జీవించిన, సొగసైన దుస్తులకు పేరుపడ్డ ఇంగ్లీషువాడు జార్జ్ బ్రమ్మెల్‌ను లోకం బో బ్రమ్మెల్ అనే పిలిచింది.

నాకు దారి చూపినది మాత్రం ‘బెల్‌డమ్’. ఫ్రెంచిలో బంధువాచకాల ముందు ‘బెల్’ గౌరవసూచకం. నేటికీ అత్తగారిని ‘బెల్ మేర్’ అంటారు. ఆ పద్ధతిలోనే మధ్యయుగపు ఇంగ్లీషులో బెల్‌డమ్ అంటే నాయనమ్మ లేక అమ్మమ్మ. కాలక్రమంలో అది ముడతలుపడిన ముసలిదానికీ, చివరకు మంత్రగత్తెకూ పేరయింది. అలెన్ షార్టియే 1424లో రాసిన ఫ్రెంచి కావ్యం పేరునే కీట్స్ తన గేయానికి పెట్టుకున్నాడు. అయితే ఇంగ్లీషు పాఠకుడి చెవిలో ‘బెల్ డామ్’ వెనుక ఆ బెల్‌డమ్ కూడా పలుకుతుంది. గేయంలో వీరుణ్ణి మోహంలో ముంచి చలికొండ పక్కన వదిలేసిన ఆ స్త్రీలోని అందమూ భయమూ ఒకే మాటలో ఇమిడాయి. ‘బ్యూటిఫుల్ లేడీ’కి ఆ శక్తి లేదు. ఇది ఎవరో చెప్పినది కాదు, ఆరు నెలలు నిఘంటువుల ముందు కూర్చుని నాకు నేనుగా పట్టుకున్నది.

ఈ దారిలో వచ్చేవారు ఉచ్చారణ కోసం గైడు (పరిశోధన పర్యవేక్షకులు) మీద ఆధారపడకండి. పలికి వినిపించే నిఘంటువులు ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి. సౌందర్యం ప్రధానంగా సాగే రచనలను చెప్పే ‘బెల్ లెట్ర్’ అనే సాహిత్య పదం బహువచనరూపంలోనే వాడుకలో ఉంది, దాని చివరి ఎస్ తీసేసి ఏకవచనం చేయకండి. అటువంటి రచన చేసేవారిని ‘బెల్లెట్రిస్ట్’ అంటారు. సెక్షన్ గుమస్తా సంతకం కావాలంటే మధ్యాహ్నం భోజనానికి ముందే వెళ్లండి.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు సరిగ్గా బెల్‌డమ్ గురించి నేను రాసిన అధ్యాయం మీదే అడిగారు. పది నిమిషాలు ఆగకుండా చెప్పాను, దాన్ని విడి వ్యాసంగా ప్రచురించమని ఆయన నివేదికలో రాశారు. ముందు వరుసలోని మా ఆచార్యులు ఏమీ అనలేదు. శాఖ నియమం ప్రకారం ఆయనకు చేరవలసిన ప్రతిని ఆఫీసులో వదిలి వచ్చాను, చేతికి ఇవ్వలేదు.