వినపడలేదు మేడం, మళ్లీ చూస్తాను

బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో చీటీ తీస్తే నాకు బీపీ చూడడం వచ్చింది. హాస్టల్లో ఎన్నోసార్లు చేసిన పనే. కానీ పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ మేడం పక్కన నిలబడగానే చెవుల్లో నా గుండె దడ తప్ప ఇంకేమీ వినపడలేదు. పేషెంట్ చేతికి చుట్టిన కఫ్‌లో గాలంతా దిగిపోయింది. "ఎంత?" అన్నారు. "120/80" అనేశాను. మేడం ఏమీ అనకుండా స్టెతస్కోపు తీసుకుని తనే చూశారు. 150/90. ఆ అవ్వ బీపీ మాత్రలు వాడుతోందని కేస్ షీట్‌లో ఉంది. నేను చదివాను కూడా.

పాసయ్యాను. అయినా చాలా రోజులు ఆ అవ్వ ముఖం కళ్లముందు మెదిలేది. డ్యూటీలో అదే అంకె చార్టులో రాసి ఉంటే, దాన్ని నమ్మే కదా డాక్టర్ మందులు నిర్ణయిస్తారు!

రెండో ఏడు మెడికల్ సర్జికల్ ప్రాక్టికల్స్‌కి ముందు ఒక సీనియర్ అక్క, "పుస్తకం మూసెయ్. మనిషి మీద చెయ్యి, చేస్తూ పైకి చెప్పు" అంది. రోజూ భోజనాలయ్యాక నలుగురం కూర్చునేవాళ్లం. ఒకరు పేషెంట్, ఒకరు స్టూడెంట్, ఒకరు ఎగ్జామినర్, నాలుగో అమ్మాయి చేతిలో చెక్‌లిస్ట్. ఎగ్జామినర్ కావాలనే పని మధ్యలో ఆపి అడిగేది: "రైల్స్ ట్యూబ్ ఎంతవరకు కొలవాలి?" ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం అది. ముక్కు కొస నుంచి చెవి తమ్మెదాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక కింది కొసదాకా. మొదటి వారం ప్రశ్న రాగానే చేతిలో పని మర్చిపోయేదాన్ని. తర్వాత తర్వాత జవాబు చెబుతూనే చేతులు కదిలేవి.

సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఆ కాసేపూ ఊపిరి నెమ్మదిగా వదలడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు ఎవరూ తొందరపెట్టరు, పైగా ఆ స్టెప్‌కి మార్కులున్నాయి. పరీక్ష ముందురాత్రి పదింటికే పడుకున్నాను. పొద్దున ఇడ్లీ తినే వెళ్లాను.

షుగర్‌తో కాలికి పుండుపడ్డ పెద్దాయన వచ్చారు నాకు. "పెద్దయ్యా, నేను స్టూడెంట్ నర్సుని. బీపీ చూసి, తర్వాత కట్టు మారుస్తాను. నొప్పిగా ఉంటే చెప్పండి" అన్నాను. "కానీ తల్లీ" అన్నారాయన. ఆ మాటతో సగం టెన్షన్ తగ్గింది.

మణికట్టు దగ్గర నాడి ఆగేదాకా గాలి ఎక్కించి, ఇంకో 30 పెంచి, మెల్లగా వదిలాను. పైది విన్నాను. కిందిది దాటిపోయింది. మళ్లీ అదే దడ. ఈసారి మాత్రం, "మేడం, కిందిది సరిగా వినపడలేదు. ఒక నిమిషం ఆగి మళ్లీ చూస్తాను" అన్నాను. "చూడమ్మా" అన్నారు, అంతే. ఇలా చెప్పొచ్చని మొదటి ఏడాదే మాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! రెండోసారి స్పష్టంగా వినపడింది: 136/84.

డ్రెస్సింగ్‌లో ఒక గాజుగుడ్డ స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) ట్రే అంచు దాటి పడింది. "ఇది వాడను మేడం, ఇంకోటి తీసుకుంటాను" అని ఆగకుండా చేసుకుపోయాను. వైవాలో, అంటే నోటి పరీక్షలో, రెండు ప్రశ్నలకు తెలియదన్నాను.

ఈ వారం జూనియర్లకు ప్రాక్టికల్స్. రాత్రి తొమ్మిదింటికి ముగ్గురమ్మాయిలు బీపీ మిషన్ పట్టుకుని మా గదికి వస్తున్నారు. చెయ్యి చాపి కూర్చుంటాను. వినపడకపోతే వినపడలేదనే చెప్పాలి, అదొక్కటే నేను వాళ్లకు పెట్టిన షరతు.